అమ్మ రాని శుక్రవారం

ముదలియార్‌పేటలోని ఆ వీధిలో మంగళాన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె సామక్క. పన్నెండో ఏట మొదటిసారి మారెమ్మ పూనింది. పెళ్లై ఈ వీధికి వచ్చాక కూడా ప్రతి శుక్రవారం సాయంత్రం ఆమె గడప ముందు జనం చేరేవారు. తెలుగులో అడిగితే తెలుగులో, తమిళంలో అడిగితే తమిళంలో వాక్కు చెప్పేది. మిగతా రోజులు పాత ఫ్రెంచివాళ్ల పేట వైట్ టౌన్‌లో వీధులు ఊడ్చే మనిషి కాళ్లకు శుక్రవారం ఆఫీసర్ల భార్యలు మొక్కేవారు. భర్త రామానుజానికి అది చెప్పలేనంత గర్వం.

మూడేళ్ల క్రితం ఒక శుక్రవారం, రెండిళ్ల అవతల ఉండే కయల్విళి తన భర్త జీవాను వెంటబెట్టుకొచ్చింది. అతనికి పొద్దుటినుంచి ఛాతీలో పట్టేసినట్టు ఉంది. చెమటలు పడుతున్నాయి.

"అమ్మా, ఆస్పత్రికి తీసకపోదునా?" అంది కయల్విళి.

కర్పూరం వెలిగింది, చిన్న డమరుకంలాంటి ఉడుక్కె మోగింది. మంగళం ఒంట్లో మాత్రం ఏమీ కదల్లేదు. అమ్మ రాలేదు. కళ్లు తెరిస్తే ముప్పైమంది తననే చూస్తున్నారు. ఆమె కళ్లు మూసుకుని ఊగింది. అలవాటైన ఆ గొంతుతోనే అంది: "ఆస్పత్రి వద్దు. మూడు దినాలు ఇంట్లో పండుకోబెట్టు. నేను చూసుకుంటా."

ఆదివారం పొద్దున జీవా చనిపోయాడు.

కయల్విళి ఆమెను ఒక్క మాట అనలేదు. శవం పక్కన కూర్చుని, మంగళం చెయ్యి పట్టుకుని, "అమ్మే తీసుకోవాలనుకుంటే నువ్వేం చేస్తావక్కా" అంది. తిట్టి ఉంటే బాగుండేదని మంగళానికి అనిపించింది.

ఆ తర్వాత అమ్మ మళ్లీ రాలేదు. మంగళం మాత్రం ఆపలేకపోయింది. ఆపితే ఎందుకని అడుగుతారు. ప్రతి శుక్రవారం వణుకుతూ ఊగేది. ఒంట్లో బాగాలేదని ఎవరు వచ్చినా, దగ్గైనా సరే, "ముందు డాక్టరు దగ్గిరికి పో" అనేది. అమ్మ కాలానికి తగ్గట్టు మాట్లాడుతోందని జనం మెచ్చుకున్నారు.

ఆమెతోపాటు ఊడ్చే తమిళరసి నెమ్మది మనిషి, ఆదివారాలు చర్చికి వెళ్లేది. ఒక ఉదయం సముద్రం గట్టున టీ తాగుతూ తమిళంలో అడిగింది: "అందరూ నిన్ను అడుగుతారు. నీకోసం నువ్వు ఎవరిని అడుగుతావక్కా?"

ఆ ప్రశ్న మంగళాన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు. టీ గ్లాసు గట్టుమీద పెట్టి, చీపురు పక్కన కూలబడి ఏడ్చింది. జరిగిందంతా చెప్పింది. తమిళరసి ఆశ్చర్యపోలేదు, తప్పుపట్టలేదు.

"నువ్వు మీ యేసుకు చెప్పు, నాకోసం" అంది మంగళం.

"చెప్తాను. కానీ నువ్వే చెప్పుకోవచ్చు. మధ్యలో నేనెందుకు?"

ఆ ఆదివారం తమిళరసి వెంట ప్రార్థన మందిరానికి వెళ్లింది. రేకుల షెడ్డు, చాపలు, నాలుగు ఫ్యాన్లు. వెనకవరసలో కూర్చుని, అందరూ పాడుతుంటే తను గొణిగింది: "యేసయ్యా, నేను అబద్ధం చెప్పినాను. జీవా సచ్చిపోయినాడు. నన్ను ఏం చేస్తావో చెయ్యి."

ఒళ్లు ఊగలేదు. గొంతు మారలేదు. ఏ వణుకూ రాలేదు. ముప్పై ఏళ్లుగా దేవుడు దగ్గరికి రావాలంటే తను పక్కకు తప్పుకోవాలి, తన ఒళ్లు తనకు తెలియకూడదు. ఇక్కడ అలా కాదు. తప్పు చేసిన ఈ మంగళమే కావాలన్నట్టు, ఈమె మాటే వింటున్నట్టు ఉంది. ఆ రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి, చాలాకాలం తర్వాత ఆదమరిచి నిద్రపోయింది.

ఆ తర్వాతి శుక్రవారం ఆమె తలుపు తెరవలేదు.

"ఏందిది? జనం వాకిట్లో ఉండారు" అన్నాడు రామానుజం.

"ఇంక వాక్కు చెప్పను. చర్చికి పోతా ఉండాను."

"మన మర్యాద ఏమవతాది? సామక్క మొగుడని నాకు టీ కొట్టుకాడ కుర్చీ వేస్తారు!"

"ఆ కుర్చీ కోసం నేను ఇంకో మనిషిని సంపలేను" అంది. అతనికి అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. రామానుజం వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

బాప్తిస్మం తీసుకుంటానని పాస్టర్ దినకరన్‌తో చెప్పినప్పుడు, ముందు కయల్విళి ఇంటికి పోవాలని కూడా చెప్పింది.

"దేవుడు నిన్ను ఎప్పుడో క్షమించాడమ్మా. ఆ క్షమను కొనుక్కోవడానికైతే పోవద్దు" అన్నాడాయన.

"దానికి కాదయ్యా. ఆమెకు నిజం తెలవాల."

కయల్విళి బియ్యం ఏరుతోంది. మంగళం గడప బయటే నిలబడి చెప్పింది. "ఆ పొద్దు అమ్మ రాలే. ఆస్పత్రి వద్దన్నది నేను. జనం చూస్తా ఉండారని చెప్పేసినాను."

కయల్విళి చేట కింద పెట్టింది. లేచి తలుపు వేసేసింది. లోపలినుంచి ఏడుపు వినిపించింది. మంగళం ఎంతోసేపు అక్కడే నిలబడింది.

వీధంతా పాకింది. కొందరు ఉమ్మేశారు, కొందరు ముఖం తిప్పుకున్నారు. సోలై నగర్ తీరంలో ఆమె బాప్తిస్మం తీసుకున్న ఉదయం వీధినుంచి ఎవరూ రాలేదు. నీళ్లలోంచి లేచి చూస్తే, పడవల పక్కన రామానుజం నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు. తెచ్చిన పొడిచీర తమిళరసి చేతికిచ్చి, మోపెడ్ ఎక్కి వెళ్లిపోయాడు. మంగళానికి అది చాలనిపించింది.

ఐదు నెలల తర్వాత కయల్విళి వచ్చింది. మంగళం స్టూలు జరిపింది. కూర్చోలేదు.

"మూడేండ్లుగా నేను అమ్మకు దీపం పెట్టలేదు" అంది కయల్విళి. "నా మొగుణ్ని చూసుకుంటానని చెప్పి మోసం చేసిందని తిట్టుకుంటా ఉంటిని. నిన్న పెట్టినాను. అమ్మ ఆ మాట చెప్పనే లేదు కదా."

మంగళం స్టూలును ఇంకొంచెం ముందుకు జరిపింది.

"నిన్ను క్షమించినానా అని మాత్రం అడగొద్దు. నాకే తెలవదు."

"అడగను."

కయల్విళి కొంగుతో ముఖం తుడుచుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది.

"కాఫీ ఉంటే ఇయ్యి, మంగళక్కా" అంది.