చిత్తడికోడి పలికిందట

ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళకీ ఒకే పిట్ట పిచ్చి. వదిన మ్యూజియంలో పక్షుల విభాగం చూసేది. ఆడపడుచు అటవీ కార్యాలయంలో సర్వే ఉద్యోగి. పక్క వీధిలోనే వేరే ఉంటూ, ఆదివారం భోజనానికి మాత్రం అన్నయ్య ఇంట్లో వాలేది. మధ్యలో నలిగిపోయేది ఆ అన్నయ్యే. వృత్తికి పళ్ళ డాక్టరు. "నా దగ్గరికొచ్చేవాళ్ళు నోరు తెరిచి కూడా మాట్లాడరు. ఇంటికొస్తే మీ ఇద్దరూ నోరు మూయరు" అని వాపోయేవాడు.

ఆ పిట్ట పేరు చిత్తడికోడి. నది సముద్రాన్ని చేరబోయే చోట, చెట్ల వేళ్ళు ఏడాది పొడవునా నీళ్ళలో నానే అడవిలో తప్ప మరెక్కడా బతకదు. పేరుకి కోడే గానీ పిడికిలికి కాస్త పెద్దది, అంతే. రాగి రంగు రొమ్ము, పచ్చటి కాళ్ళు, మనిషి అలికిడైతే చాలు మాయం. దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు చాలా ఏళ్ళుగా లేరు. ఎవరో పాత పరిశోధకుడు తీసిన ఒకే ఒక్క రికార్డింగులో దాని కూత మిగిలింది. అందుకే పక్షుల కమిటీ దాన్ని 'అంతరించే అంచున' ఉన్న జాతుల్లో చేర్చింది. ఆ ముద్ర ఉన్నన్నాళ్ళూ ఆ అడవిలో ఎవరూ చెట్టు కొట్టకూడదు, కాలవ తవ్వకూడదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఇద్దరూ అడవికి వెళ్ళారు. కలిసి కాదు. ఎవరి ఆఫీసు వాళ్ళది, ఎవరి గుట్టు వాళ్ళది. "మ్యూజియంలో బీరువాలు సర్దుతున్నాం" అంది వదిన. "ఒంట్లో నలతగా ఉంది, పడుకుంటా" అంది ఆడపడుచు.

వదిన పడవలో కూర్చుని, స్పీకరులో ఆ పాత కూత వినిపించి చెవులు రిక్కించింది. చెట్ల లోతుల్లోంచి సన్నగా "కుమ్... కుమ్... కుర్ర్" అని జవాబొచ్చింది. మళ్ళీ వినిపిస్తే మళ్ళీ జవాబు! అంతా రికార్డు చేసుకుని, దారిపొడుగునా తనలో తాను నవ్వుకుంటూ ఇల్లు చేరింది. నలతగా ఉందన్న ఆడపడుచు ముఖం కూడా ఆ వారమంతా వెలిగిపోతూనే ఉంది.

రెండు ఆఫీసుల నుంచీ కమిటీకి ఒకేలాంటి నివేదికలు అందాయి. పిట్ట కోలుకుంటోందని కమిటీ సంబరపడింది. దాని స్థాయిని ఒక మెట్టు దించాలనుకుంది. ఆ మెట్టు దిగితే, ఎప్పట్నుంచో కాచుకున్నవాళ్ళు అడవిలో కాలవ తవ్వుకోవచ్చు. అదొక్కటే వదిన గుండెల్లో ముల్లులా గుచ్చుకుంది. కానీ ఉన్న పిట్టని లేదని ఎలా అంటుంది?

ఆదివారం వంటింట్లో డాక్టరు వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఇక దాచేదేముందని వదిన తన రికార్డింగు పెట్టింది. కుమ్, కుమ్, కుర్ర్. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత ఎక్కడో దూరంగా "హాచ్చి! హాచ్చి! హాచ్చి!"

"ఆపు ఆపు. మళ్ళీ పెట్టు" అన్నాడు డాక్టరు. మళ్ళీ విన్నాడు. "ఇది మా చెల్లి తుమ్ము కదే!"

"అడవిలో మీ చెల్లెలెందుకుంటుందండీ?"

ఆడపడుచు చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది. "వదినా... ఆ రోజు నువ్వు ఏ పాయలో ఉన్నావు?"

"తూర్పు పాయలో."

"నేను పడమటి పాయలో. నేనూ స్పీకరులో ఆ పాత కూతే పెట్టాను. నాకూ జవాబొచ్చింది."

డాక్టరుకి విషయం అర్థమై, నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు. "అంటే ఆ రోజంతా మీరిద్దరే ఒకళ్ళకొకళ్ళు కూసుకున్నారన్నమాట!"

ఆడపడుచు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇది బయటికి తెలిస్తే మన పరువేం కాను వదినా? ఊరంతా నవ్విపోతుంది."

"నవ్వనీవే. చెప్పకపోతే కాలవ తవ్వేస్తారు" అంటూ వదిన అక్కడికక్కడే కమిటీ పెద్దాయనకి ఫోన్ చేసింది.

ఆయన అంతా విని నిట్టూర్చాడు. "ఇద్దరూ ఒకటే చెప్పారనే కదమ్మా నమ్మాను. ఇప్పుడు ఆ పిట్ట అసలు లేదేమోనని అడుగుతారు. అంతరించిందని రాసేస్తే ఆ అడవికి దిక్కెవరు? మీటింగులోగా ఏదో ఒకటి పట్టుకురండి."

ఈసారి ఇద్దరూ ఒకే పడవ ఎక్కారు. స్పీకరు ఇంట్లోనే వదిలేశారు. ముందు అబద్ధమాడింది నువ్వంటే నువ్వని గుసగుసగా పోట్లాడుకుంటూ అడవి నడుమకి చేరారు. అక్కడ తెడ్డు ఎత్తేసి కూర్చున్నారు. దోమలు పీక్కుతిన్నాయి. ఆడపడుచు ముక్కుకి తువ్వాలు చుట్టుకుంది. మధ్యాహ్నం దాకా ఆకు కూడా కదల్లేదు. వదినకి లోపల భయం మొదలైంది. నిజంగానే లేదేమో, ఇన్నాళ్ళూ పాత పాటనే పిట్ట అనుకుని బతికామేమో అనిపించింది.

ఆడపడుచు మెల్లగా ఆమె మోచెయ్యి పట్టుకుంది.

వేళ్ళ సందులోంచి రాగి రంగు రొమ్ము ఒకటి బయటికొచ్చింది. కూయలేదు, బెదరలేదు. తల అటూ ఇటూ తిప్పి, బురదలో ముక్కు గుచ్చింది. దాని వెనక మసి ముద్దల్లా పిల్లలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. వదిన చేతుల్లో కెమెరా వణికిపోతోంది. ఆడపడుచు రెండు చేతులతోనూ ఆ చేతులు గట్టిగా పట్టుకుంటే గానీ ఫోటో రాలేదు.

"ఏడుస్తున్నావా వదినా?"

"దోమ కుట్టిందిలే. తియ్యనీ."

మీటింగులో తుమ్ము సంగతి చెప్పినప్పుడు అందరూ విరగబడి నవ్వారు. ఫోటో తెరమీద పడగానే నవ్వు ఆగింది. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. చిత్తడికోడి 'అంతరించే అంచున'నే ఉండిపోయింది, కాలవ మాట మూలన పడింది. ఇక మీద ఎవరు స్పీకరు పట్టుకెళ్ళినా పక్కవాళ్ళకి ముందే చెప్పాలని కమిటీ కొత్త నియమం కూడా పెట్టింది.

ఫోటో కింద ఎవరి పేరు ముందుండాలో మాత్రం ఆ ఇంట్లో ఇంకా తేల్లేదు. కెమెరా పట్టింది నేనంటుంది వదిన, నిన్ను పట్టింది నేనంటుంది ఆడపడుచు. డాక్టరు ఈమధ్య ఆదివారాలు కూడా క్లినిక్ తెరుస్తున్నాడు.