కడిగిన రెక్క

పొద్దున్నే రొట్టెలు కాల్చి, అత్తకు నీళ్లు తోడి, మొగుడికి సద్ది కట్టి, చంటివాణ్ణి చంకనేసుకుని, ఆరేళ్ల ఆండాళును నడిపించుకుంటూ సుమిత్ర తను పనిచేసే బడికి పరుగెత్తింది. పోలీసు యాక్షన్ ముగిసి కార్ఖానా బస్తీలో బడి తెరిచారో లేదో, మశూచి దిగింది. మిలిటరీ భయానికి తల్లులెవరూ పిల్లల్ని దవాఖానాకు తేవడం లేదు. అందుకని టీకాలు బడిలోనే వేద్దామని దవాఖానావాళ్లూ బడివాళ్లూ అనుకున్నారు. అనుకోవడం వాళ్లది, చాకిరీ సుమిత్రది. ఇంటింటికీ తిరిగి తల్లుల్ని బతిమాలడం, ఏడ్చే పిల్లల్ని ఒళ్లో అదిమిపట్టడం, అన్నీ ఆమే. "పిల్లల తల్లివి, నీకలవాటే గద" అంది పెద్ద టీచరు ఆలిస్.

తన పిల్లలిద్దరికీ అందరికంటే ముందు జబ్బ మీద టీకా వేయించింది. "రెక్క తడవనియ్యకు బేటీ. వారానికొచ్చి చూస్త" అన్నాడు టీకాలు వేసే పీర్ మహమ్మద్.

అన్నట్టే వచ్చాడు. పిల్లలందరి రెక్కల మీదా టీకా పట్టిన గుర్తుగా పొక్కులు లేచాయి. చంటివాడికీ లేచింది. ఆండాళు రెక్క మాత్రం నున్నగా ఉంది.

"ఎవరో కడిగిన్రమ్మా" అన్నాడాయన.

ఆండాళు తల వంచుకుంది. "నాయనమ్మ బూడిదతోని రుద్దింది. నీకు చెప్పొద్దన్నది."

అప్పటికే పిల్ల ఒళ్లు మశూచి జ్వరంతో కాలిపోతోంది. ఇప్పుడు వేసినా ఫాయిదా లేదన్నాడు పీర్ మహమ్మద్.

ఇంటికెళ్లి నిలదీస్తే, అత్త బియ్యంలో రాళ్లేరడం ఆపకుండానే జవాబు చెప్పింది. "ఇద్దరికీ అడ్డం పెడ్తే అమ్మోరు ఊకుంటదా? ఒక్కరినన్న ఇడ్వాలె. పిలగాన్ని ఇడుస్తరా ఎవరన్న?"

"పెద్దమనిషి సోచాయించే చేసుంటది" అన్నాడు మొగుడు పర్వతాలు, చెప్పులు విడుస్తూ. అంటే వాడికీ తెలుసు. సుమిత్ర ఊరి పిల్లల్ని కాచడానికి గడపగడపా తిరుగుతుంటే, ఇంట్లో తన పిల్లల్ని అమ్మోరితో పంచేసుకున్నారు.

ఆండాళు బతికింది. కుడికన్ను పోయింది. "ఒక్క కన్నే తీసుకున్నది, సల్లని తల్లి" అని అత్త మొక్కు చెల్లించమంది. బోనం వండాల్సింది ఎవరు? సుమిత్రే. వండింది కూడా, పళ్లు బిగబట్టి.

మళ్లీ బడి నుంచి కబురొచ్చింది. టీకాలు పడని పిల్లలు ఇంకా ఉన్నారట, తల్లుల్ని ఒప్పించాలట. సుమిత్ర ఆండాళును కూర్చోబెట్టుకుని, పోయిన కంటి మీద వెంట్రుక కూడా పడకుండా బిగించి జడ వేసింది. "నాతోని వస్తవా బిడ్డా?" అనడిగింది. పిల్ల తలూపింది. పిల్లను అలా చూపించుకు తిరగడం ఎంత పాడుపనో సుమిత్రకు తెలియక కాదు.

పర్వతాలు వాకిట్లో అడ్డం నిలబడ్డాడు. "ఇంటి ఇజ్జత్ బజార్ల పెడ్తవా?"

అతన్ని తప్పుకుని దిగి, పక్కింటి తలుపు కొట్టింది. విమలమ్మ బయటికొచ్చింది. సుమిత్ర పిల్లను ముందుకు జరిపి, లోపల అత్తకు వినపడేట్టుగా అంది.

"ఇది మా అత్త అమ్మోరికి ఇచ్చిన పిల్ల. మీ ఇంట్ల ఎవర్నిస్తవ్ అక్కా?"