పెద్ద పార్టీ ముందు

ముక్తార్ లెక్కలో మనిషి పేరు కూడా సరుకే. పాడవనంత కాలమే దానికి ధర. తాండూరు మార్కెట్ యార్డు పక్కన బండ్లు తూచే అతని ధర్మకాంటా ఏళ్ల తరబడి నడుస్తోందంటే ఆ సరుకును పాడు కానివ్వకపోవడం వల్లే. రోజూ బోణీకి ముందు, కందుల ట్రాక్టర్ల వాళ్లంతా చూస్తుండగా తానే కాంటా ఎక్కి నిలబడేవాడు. అరవై కిలోలు చూపాలి.

"సేటు ఒళ్లు చేస్తే మన కందులు తగ్గుతయి, జర చూస్తుండుర్రి," అని పెద్దేముల్ కిష్టప్ప ఎగతాళి చేసేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వే ముక్తార్‌కు పూచీకత్తు.

ఎనభై ఏడులో కాంటాకు చిన్న కంప్యూటర్ పెట్టించాడు. బండి ఎక్కీ ఎక్కగానే బరువు పట్టి అంకె చూపడం దాని పని. మరుసటి ఏడాది వికారాబాద్ పప్పుమిల్లు వాళ్లు కబురు పెట్టారు. తూకాల ఫైలు తాము అడిగినప్పుడల్లా ఫోను తీగ మీద తమ కంప్యూటర్‌కు చేరాలి. అలాగైతేనే వాళ్లు కొనే సరుకంతా ముక్తార్ కాంటా ఎక్కుతుంది. హైదరాబాద్‌లో ఇంజనీరుగా ఉన్న చెల్లెలి కొడుకు షబ్బీర్ వచ్చి, అడిగిన ఫైలు అందించే సర్వర్‌ను కాంటా కంప్యూటర్ డబ్బాలోనే అమర్చాడు.

"మామూ, గిది ఒక్కసారి ఒక్క పనే చేస్తది. రెండు పనులు మీద పడితే ఏది ముందో మనమే చెప్పాలె. తూకం ముందు పెడ్త."

"ఫైలు అడిగేది ఎవరు?"

"మిల్లోళ్లు."

"మరి? మా అబ్బా దుకాణంల పెద్ద పార్టీ వస్తే చిల్లర బేరం బల్ల మీద కూసుంటుండె. ఫైలే ముందు పెట్టు."

"తూకం ఆగితే పాత అంకెనే నిలవడ్తది మామూ."

"ఎంతసేపు? నిమిషం! రైతు నిమిషం ఆగలేడా? చదువు నేర్చినవ్ గని బేరం నేర్వలే నువ్వు."

షబ్బీర్ పెద్దవాడి మాట తీసేయలేకపోయాడు. ఫైలు ముందుకొచ్చింది, తూకం వెనక్కి పోయింది.

కందుల కాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం కిష్టప్ప నిండు ట్రాక్టరు తూయించుకుని, సరుకు దించి, ఖాళీ ట్రాక్టరుతో మళ్లీ కాంటా ఎక్కాడు. అంకె కదల్లేదు. నిండు బండికి ఎంతో, ఖాళీ బండికీ అంతే.

"అరె సేటూ, నేను దించినయి కందులా, గాలి మూటలా?"

వరుసలో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ముక్తార్ కూడా నవ్వాడు. కిష్టప్ప ట్రాక్టరు దింపేశాడు. ఖాళీ కాంటా మీద కూడా అదే అంకె. నవ్వు ఆగిపోయింది.

గదిలో ఫోను తీగకు తగిలించిన మోడెం డబ్బా కూత పెడుతోంది. ధారూరు దగ్గరెక్కడో తీగ బాగాలేదు. వికారాబాద్ అడుగుతోంది, లైను తెగుతోంది, సర్వర్ మళ్లీ మొదటి నుంచి పంపుతోంది. పెద్ద పార్టీ పని తెమలలేదు. తూకం బల్ల మీదే కూర్చుంది.

వెనక ట్రాక్టరు నుంచి యాలాల జంగమ్మ దిగి వచ్చింది. "భాయ్, మొన్న నా బండి ఎక్కినప్పుడు గూడ గా డబ్బా గిట్లనే కూసింది. గప్పుడు రాసింది నా తూకమా, నా ముందటి బండిదా?"

ఆమె కందులు ఈపాటికి మిల్లులో పప్పయిపోయాయి. మళ్లీ తూచడానికి గింజ లేదు. తక్కువ పడినంతా నింపుతానందామంటే, ఎవరికెంత తక్కువ పడిందో చెప్పగలవాడు లేడు. అంకె ఉన్న నష్టాన్ని పూడ్చడం అతనికి తెలుసు. దీనికి అంకె లేదు.

"చెప్పు సేటూ," అన్నాడు కిష్టప్ప. కాసేపు చూసి, ట్రాక్టరెక్కి తిప్పుకున్నాడు. వరుస అతని వెంట కదిలింది.

మర్నాడే షబ్బీర్ వచ్చి డబ్బాలో తూకాన్ని ముందు, ఫైలును వెనక పెట్టాడు. "ఇగ తూకం తప్పది, మామూ."

"నాకు ఎరుకే బేటా. వాళ్లకు ఎవలు చెప్తరు?"

ఆ తర్వాతి పొద్దున ముక్తార్ అలవాటుగా కాంటా ఎక్కాడు. సరిగ్గా అరవై. చూసేవాళ్లు లేరు. కిష్టప్ప ట్రాక్టరు గేటు ముందు నుంచే అవతలున్న ఇంకో కాంటాకు పోయింది.

సాయంత్రం వికారాబాద్ ఫైలు అడిగింది. తీగ బాగుంది. సర్వర్ ఒక్క ఊపున పంపింది. కాసేపటికి మిల్లు గుమాస్తా ఫోను చేశాడు.

"ముక్తార్ భాయ్, ఫైలు మంచిగొచ్చింది. గని ఒక్కటే తూకమున్నది, అరవై కిలోలు. గదేం బండి?"

"బండి గాదు. నేనే."

గుమాస్తా నవ్వాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"సరుకెక్కని కాంటకు ఫైలెందుకు భాయ్? రేపటి నుంచి అడగం తియ్."