రెండో వైపు ఆఖరి పాట

తడి బండ మీద అరచెయ్యి పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి జార్చాడు ఆదెన్న. మధ్యలో ఒకచోట చెయ్యి రవ్వంత పట్టింది. మళ్ళీ పాలిష్ మిషన్ దించి, నీళ్ళు వదిలి, ఆ ఒక్కచోటే సున్నాలు చుట్టినట్టు నెమ్మదిగా తిప్పాడు. బూడిదరంగు నీళ్ళు బండ అంచుల నుంచి జారి అతని పాదాల మీదుగా కాలువలోకి పోయాయి.

తాడిపత్రి బయట ఈ రేకుల షెడ్డులో ముప్పై రెండేళ్ళుగా అతని పని ఇదే. పొట్టి మనిషి, నడుము కొంచెం ముందుకు వంగింది. వేళ్ళ సందుల్లో రాతిపిండి ఏ సబ్బుకీ పోనంతగా దిగింది. అరచేతులు మాత్రం పసిపిల్లల చేతుల్లా నున్నగా ఉంటాయి. బండతో పాటు అవీ అరిగాయి.

చెవులూ అరిగాయి. కుడిది పదేళ్ళ కిందటే పోయింది. ఎడమది ఈ ఏడాది సన్నని చప్పుళ్ళను ఒక్కొక్కటిగా వదిలేసింది. ముందు పిచ్చుకలు, తర్వాత సైకిలు బెల్లు, ఆ తర్వాత ఫోన్లో కూతురి గొంతు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఎవరో భుజం పట్టి వెనక్కి లాగారు. తిరిగి చూస్తే సూపర్‌వైజర్ గంగాధర్. అతని వెనక ఇద్దరు మనుషులు పెద్ద బండ ఒకటి నిలబెట్టి మోసుకొస్తూ ఆగిపోయి ఉన్నారు.

"జరుగు జరుగు అని ఎంతసేపటి నుంచి అరుస్తాండారు ఆదెన్నా. ఇంకొంచెముంటే కాలు పోయిండేది."

ఆదెన్న అతని పెదాల వంక చూసి పక్కకు జరిగాడు.

"సోమవారం నుంచి గేటు కాడ కూర్చో. ఈడ నీకొద్దు."

"గేటుకు మాత్రం చెవులొద్దా?" అన్నాడు ఆదెన్న. గంగాధర్ నవ్వబోయి, నవ్వలేక, అతని భుజం మీద చెయ్యి అలాగే ఉంచాడు.

మూడింటికి పని అయిపోయింది. ఎర్రటి ఎండలో ఇల్లు చేరి, పెరట్లో నీళ్ళు పోసుకుని, భార్య తిరుపాలమ్మ ఇచ్చిన టీ తాగి, అరుగు మీద గోడకానుకుని కూర్చున్నాడు. పక్కన టేప్ రికార్డర్. రోజూ ఈ వేళకు అతను వినేది ఒకటే క్యాసెట్టు.

ఆదెన్న ఒకప్పుడు ఉరుము వాయించేవాడు. ఒక పక్క కట్టెతో రుద్ది, ఇంకో పక్క కొట్టే డోలు అది. అమ్మవారి జాతరలకు ఎనిమిది మంది జట్టుగా ఊరూరా తిరిగేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళ కిందట ఒక జాతరకు, దగ్గరి ఆసుపత్రిలో సేవకు వచ్చిన స్పెయిన్ దేశపు నర్సు వచ్చింది. ఆట అయ్యాక ఆదెన్న దగ్గరికి వచ్చి, అడిగి, ఉరుము మీద చెయ్యి పెట్టి చూసింది. తన దేశానికి వెళ్ళిపోయే ముందు వెతుక్కుంటూ వచ్చి ఈ క్యాసెట్టు ఇచ్చింది. "సముద్రం అవతల దీవుల వాళ్ళ ఉరుము," అంది వచ్చీరాని తెలుగులో. ఏదో పాత రికార్డు నుంచి ఎక్కించినది. అట్ట మీద నీలం సిరాతో చేతిరాత.

మొదటిసారి విన్నప్పుడు తిరుపాలమ్మ ముఖం చిట్లించింది. "ఒక్క మాట అర్థమైతే ఒట్టు." ఆదెన్నకు మాటలు అక్కర్లేకపోయాయి. రెండు కట్టెలు తాటించే చప్పుడు ఒకటి ఉంది. మూడు దెబ్బలు, ఆగి రెండు దెబ్బలు. ఎవరేం చేసినా అది దారి తప్పదు. పియానో దాని చుట్టూ తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. బూరలు ఒక్కసారిగా మీద పడతాయి. ఒకడు పాడి వదిలితే పదిమంది అందుకుంటారు. వీటన్నిటి కింద, వేళ్ళతో అరచేతులతో వాయించే పొడుగాటి డోళ్ళు. వాయించేవాడు చెయ్యి ఎక్కడ బరువు వేశాడో, ఎక్కడ వేలికొనతో ఆపేశాడో ఆదెన్నకు చూసినట్టు తెలిసేది. జట్టు చెదిరి, ఉరుము తోలు చిరిగి, తనే ఇక వాయించడం మానేశాక కూడా వాణ్ణి వింటూనే ఉన్నాడు.

ఒక్కటే లోటు. రెండో వైపు ఆఖరి పాట మంచి ఊపులో ఉండగా టేపు అయిపోయి టక్కున ఆగేది. మిగతాది అతను తొడ మీద వాయించుకుని, జాతరలో లాగా ముక్తాయింపు ఇచ్చి ముగించేవాడు.

ఇప్పుడు బూరలు వినిపించడం లేదు. కట్టెల చప్పుడూ పోయింది. టేప్ రికార్డర్ మీద అరచెయ్యి ఆనిస్తే డోళ్ళు మాత్రం తగులుతాయి.

అయిదింటికి కూతురు త్రివేణి వచ్చింది. అనంతపురంలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. వచ్చీ రాగానే సంచిలోంచి చిన్న స్పీకరు డబ్బా తీసి తండ్రి ముందు పెట్టింది.

"అట్ట మీద రాసిందుండాదే, అది ఫోన్లో కొట్టి చూసినా నాయనా. దొరికింది. అన్ని పాటలూ ఉండాయి. ఆఖరిది పూర్తిగా."

అతను చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఆమె మొహంలోకి చూశాడు. త్రివేణి మళ్ళీ చెప్పింది. మూడోసారి చెప్పేటప్పుడు ఆమెకు అర్థమైంది. అతని చెయ్యి తీసి డబ్బా మీద పెట్టి, ఆఖరి పాట మొదలుపెట్టింది. రెండో చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, మణికట్టు మీద రెండు వేళ్ళతో కొట్టసాగింది. మూడు దెబ్బలు, ఆగి రెండు దెబ్బలు. చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన పిల్ల, ఒక్కటీ తప్పలేదు.

ఆదెన్న కళ్ళు మూసుకున్నాడు.

టేపు ఆగే చోటు వచ్చింది. పాట ఆగలేదు. డోళ్ళవాడు ఇన్నాళ్ళూ దాచుకున్నట్టు కొత్త దారిలోకి తిరిగాడు. ఆదెన్న పెదాలు కదిలాయి. ఇంకొంతసేపటికి అరచేతి కింద డబ్బా మెల్లగా చల్లబడినట్టయింది. కళ్ళు తెరిచాడు.

"ఆపేసినారా?"

"లేదు నాయనా. కొడతానే ఉండారు. సౌండు తగ్గుతాండాది, అంతే." ఆమె వేళ్ళు ఇంకా కొడుతూనే ఉన్నాయి, మెత్తగా, ఇంకా మెత్తగా, తగిలీ తగలనట్టు.

"అయితే ముక్తాయింపే లేదన్నమాట," అన్నాడు. తర్వాత నవ్వాడు. "మేమూ అంతే గదమ్మా. ఊరు దాటినాక ఆ ఊరోళ్ళకు ఇనపడదు. మేము కొట్టుకుంటానే పోతాంటిమి."

మొదటి నుంచీ పెట్టమన్నాడు. త్రివేణి పెట్టి, తల్లికి సాయంగా లోపలికి వెళ్ళింది. పొయ్యి దగ్గర, నాయనకు రెండో చెవీ పోయిందని తల్లికి చెప్పింది. తిరుపాలమ్మ సంగటి కెలుకుతూ, "నాకు తెల్దనుకుంటాండాడు," అంది.

పాటలన్నీ అయిపోయాక తిరుపాలమ్మ పళ్ళెం తెచ్చి అరుగు మీద పెట్టింది. "ఏమయ్యా, తిను." అతను పలకలేదు. పలకకపోవడం కొత్త కాదు కాబట్టి ఆమె నీళ్ళకు లోపలికి వెళ్ళింది. చెంబుతో తిరిగొచ్చేసరికీ అతను అలాగే గోడకానుకుని ఉన్నాడు, ఏదో వింటున్నట్టు తల ఒక పక్కకు వంచి. చెంబు కింద పెట్టి భుజం తట్టింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని అతని మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

త్రివేణి వచ్చి, ఇందాక తను తాళం వేసిన మణికట్టునే పట్టుకుని చాలాసేపు నాడి చూసింది.

"అమ్మా," అంది. "ఇట్లా కూర్చో. నా పక్కన."

మర్నాడు మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. గంగాధర్, షెడ్డు మనుషులు వంక ఒడ్డున శ్మశానం దాకా వచ్చి, మట్టి వేసి వెళ్ళారు. పెరట్లో దండెం మీద, ఆదెన్న పనిలోంచి వచ్చి విప్పి ఆరేసిన చొక్కా రాతిపిండితో అట్టలా బిరుసెక్కి, చేతులు రెండూ కొంచెం ముందుకు వంగి, గాలి వీస్తున్నా ఊగకుండా ఉంది.