రమాకాంత్ ఏరిన ఆకులు

మా ఆయన రమాకాంత్ డిగ్రీ చదివాడు. ఈ సంగతి నారాయణరావుపేటలో తెలియనివాళ్లు లేరు. తెలియకుండా ఆయన ఉండనిస్తే కదా!

మా మామ రాజమల్లయ్య మక్కజొన్న వేసే అరెకరాన్ని నేను బతిమాలి స్ట్రాబెర్రీకి తీసుకున్నాను. "ఒక్క పంట సూస్త బిడ్డా. మంచిగ రాకుంటే మల్ల మక్కనే" అన్నాడాయన. తీరా పూతకొచ్చే వేళకు ఆకుల అంచులు మాడసాగాయి. తోటంతా తిరిగి అప్పుడే పూర్తిగా విచ్చిన ఆకులు తెంపి ల్యాబుకు పంపితే ఏ పోషకం తక్కువైందో తేలుతుందని ఉద్యాన అధికారి శ్రీలేఖ ఫోన్లో చెప్పింది. ఆ రోజు నాకు జ్వరం. బుద్ధి తక్కువై ఆ పని చదువుకున్నాయనకు అప్పగించాను.

రిపోర్టు వచ్చింది. అన్నీ సరిపడా ఉన్నాయట. ఆయన తనకే ఫస్టుక్లాసు వచ్చినట్టు దాన్ని ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు, మామకూ చూపించాడు. దాన్ని నమ్మి నేను ఏ ఎరువూ వేయలేదు. ఆకులు మాత్రం మాడుతూనే ఉన్నాయి.

పదిరోజులకు శ్రీలేఖ తోటకొచ్చి రిపోర్టునూ మొక్కలనూ మార్చి మార్చి చూసింది.

"ఆకులు యాడికెళ్లి తెంపిన్రన్నా?"

ఆయన ఛాతీ విరుచుకుని పెంటకుప్ప పక్కనున్న నాలుగు సాళ్లు చూపించాడు. ఎరువు ఊటకు అక్కడి మొక్కలు మాత్రమే నిగనిగలాడుతున్నాయి.

"మాడిన ఆకులు పంపితే గా సార్లు ఏమనుకుంటరు మేడం? మన ఇజ్జత్ ఏం గావాలె? ఒక్కొక్కటి ఏరి, దస్తీతోని తుడిచి పంపిన."

"మీకు జరమొస్తే దవాఖానల పక్కింటి పయిల్వాన్ రక్తం ఇచ్చొస్తరా అన్నా?"

ఆయన నవ్వాడు. ఆ మాట తనను కాదనుకున్నాడేమో.

మర్నాడు నేనే తోటంతా తిరిగి ఆకులు తెంపి పంపాను. ఈలోగా తొలి కాయలు దిగాయి. రేగుపండంత కూడా లేవు. మామ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఆకులల్ల అన్నీ ఉన్నయని కాగితమే చెప్పవట్టె. లోపం భూమిల లేదు, చేసే చేతులల్ల ఉన్నది. రేపు ట్రాక్టర్ పెట్టి దున్నిస్త" అన్నాడు.

మా ఆయన పక్కనే ఉన్నాడు. రెండో రిపోర్టు పొద్దున సిద్దిపేట ల్యాబు నుంచి తెచ్చింది ఆయనే. అది చొక్కా జేబులోంచి కనిపిస్తూనే ఉంది, తీసి చూపలేదు. పెళ్లాం చేతులు పనికిరానివైనా ఫర్వాలేదు, తన ఇజ్జత్ నిలబడాలి. నాకు ఒళ్లు మండిపోయింది. జేబులోంచి లాగి మామ చేతికిచ్చాను.

పొటాష్ బాగా తక్కువ. మామ వేలు పెట్టి కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు.

"మరి మొదటి ఆకులు తెంపింది ఎవ్వలు?"

"మీ కొడుకే మామా. పెంటకుప్ప కాడ మంచియి ఏరిండు."

మామ కాగితం నాకే తిరిగిచ్చాడు. "పొటాష్ ఎయ్యి బిడ్డా. మలి కాత సూద్దాం" అని, కొడుకు వైపు తిరిగాడు. "నువ్వు మాత్రం గా తోటల అడుగు వెట్టకు."