ఉప్పు, ఐసు, అత్తయ్యగారు

పెళ్లయి నెల తిరగకుండానే మా ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. దాని తళతళలాడే తలుపులో నా మొహం చూసుకుని మురిసిపోయాను కూడా. తీరా చూస్తే బండిలో పడుకోబెట్టి తెచ్చారట. సాయంత్రం దాకా స్విచ్ వేయొద్దని మెకానిక్ చెప్పి వెళ్లిపోయాడు. అత్తయ్యగారేమో మధ్యాహ్నానికే వస్తున్నారు.

వేరు కాపురం పెడతామన్నప్పుడు ఆవిడ ఒక్కటే మాట అన్నారు. "వచ్చి చూస్తాను. ఇంత ఎండల్లో చల్లగా ఓ గ్లాసుడు ఇచ్చే గతి కూడా లేకపోతే మాత్రం సామాను సర్దుకుని మా పైగదిలోకి వచ్చేయాలి."

ఈ రెండు గదులూ, కిటికీ పక్క మా ఇద్దరి కుర్చీలూ వదులుకుని వెళ్లే ప్రశ్నే లేదు.

ద్రాక్షరసం తీసి సీసాలో పోసి మూత బిగించాను. కింద పళ్లరసాల కొట్లో ఐసుగడ్డ కొని, గుడ్డలో చుట్టి చితక్కొట్టి బకెట్లో వేశాను. దాని మీద గుప్పెళ్లతో కల్లుప్పు, సీసా మునిగేదాకా నీళ్లు. ఉప్పు కలిస్తే ఐసునీళ్లు మామూలు కంటే బాగా చల్లబడతాయని కాలేజీ ల్యాబులో చూసినదే.

మా ఆయన డ్రిల్లు మాస్టారు. సీసా తిప్పే పని ఆయనకు అప్పగించి గ్లాసులు కడిగి వచ్చాను. సీసా ఐసుముక్కల మీద దర్జాగా పడుకుని ఉంది.

"నీళ్లేవండీ?"

"పారబోశాను. ఐసుని కరిగించేస్తున్నాయి."

"ఆ నీళ్లే కదా సీసాని చుట్టూ పట్టుకుని చల్లబరిచేది. ఉప్పు కూడా వాటితోనే పోయింది."

"ముందే చెప్పొద్దూ?"

ఇంతలో తలుపు చప్పుడైంది.

"వెళ్లి మీ అమ్మగారికి పెళ్లి ఫోటోలు చూపించండి."

"ఆవిడ మన పెళ్లికి వచ్చిందోయ్."

"అయినా చూపించండి."

మళ్లీ నీళ్లు పోసి, డబ్బాలో మిగిలిన ఉప్పంతా ఒంపి, సీసా మెడ పట్టుకుని గిరగిరా తిప్పడం మొదలుపెట్టాను. వేళ్లు కొయ్యబారాయి. చెయ్యి మార్చాను గానీ ఆపలేదు.

"ఏమ్మా, బకెట్లో ఏం ఉతుకుతున్నావ్?" వంటింటి గుమ్మంలో అత్తయ్యగారు.

"మీకోసమే అత్తయ్యగారూ. ఇంకాస్త ఆగాలి."

"మరి ఆ ఫ్రిజ్ అలంకారానికా?"

"దానికి సాయంత్రం దాకా సెలవండీ."

ఆవిడ బకెట్లో వేలు ముంచి చటుక్కున వెనక్కి లాక్కున్నారు. సీసా శుభ్రంగా తుడిచి గ్లాసులో వంచాను. గ్లాసుకు చెమట పట్టింది. ఒక గుక్క తాగి, దవడ పట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"పళ్లు జివ్వుమన్నాయే."

గ్లాసు ఖాళీ చేసి, సీసాను మళ్లీ బకెట్లో దింపి, ఒక చేత్తో తిప్పుతూనే రెండో చేత్తో మామయ్యగారికి ఫోన్ చేశారు.

"పైగదిలో నా కుట్టుమిషన్ పెట్టించండి. వీళ్లు రారు. నేనా? నాకిక్కడ పనుంది, నెమ్మదిగా వస్తాను."