రెండిళ్లకూ ఒకటే చందా

శనివారం సాయంత్రం టీవీ తెర మీద ఒక పసుపు పట్టీ కనబడినప్పటి నుంచి విష్ణుతేజ కాలు ఒకచోట నిలవలేదు. 'మీ చందా రేపు మధ్యాహ్నం పన్నెండుకు ముగుస్తుంది' అని ఉంది. చందా లేకపోయినా గేమ్ మెషిన్‌లో ఒంటరిగా ఆడుకోవచ్చు. ఇంకో ఊళ్లో ఉన్న మనిషితో కలిసి మాత్రం ఆడలేం. విష్ణుతేజకు కావలసింది ఆ రెండోదే.

అతను జమ్మలమడుగులో ఆర్డీఓ ఆఫీసు గుమాస్తా. అక్క వేదశ్రీ పులివెందుల్లో టీచరు. ఇద్దరికీ మాటలు ఆగిపోయి రెండేళ్లు. అయినా ప్రతి ఆదివారం మూడు గంటలకు ఎవరింట్లో వాళ్లు కూర్చుని, మైకులు మూసుకుని, ఒకే జట్టులో ఫుట్‌బాల్ ఆడతారు. అక్క బంతి అందిస్తుంది, తమ్ముడు గోలు కొడతాడు. ఈ సంగతి రెండిళ్లలోనూ ఎవరూ ఎత్తరు. ఎత్తితే అదీ పోతుందని భయం.

గొడవ అక్క కూతురు మైత్రేయి ఓణీల ఫంక్షన్‌నాడు వచ్చింది. మేనమామ తెచ్చిన లంగా ఓణీ కట్టుకునే పిల్ల పీట మీద కూర్చోవాలి. విష్ణుతేజ వెళ్లేసరికి మేనకోడలు పీట మీద ఉండనే ఉంది, బావ తరఫు వాళ్లు తెచ్చిన బట్టల్లో. అతను చేతిలోని బట్టల కవరు గేటు దగ్గర పూలమ్మే ఆమెకిచ్చి, లోపల ఇవ్వమని చెప్పి, అట్నుంచి అటే వెనక్కి తిరిగాడు.

ఒక్క విషయం మాత్రం అతనికి ఆనుకోవడానికి దిండులా ఉండేది. చందా తన పేరు మీద ఉంది. మెషిన్లు అమ్మిన ప్రొద్దుటూరు షఫీ, ఒక చందాతో రెండిళ్లవాళ్లూ ఆడుకునేటట్టు అప్పుడే అమర్చి పెట్టాడు. 'ఎంత కోపమున్నా అక్క ఆడేది నా చందా మీదే' అని అనుకున్నప్పుడల్లా కాస్త హాయిగా ఉండేది. ఇప్పుడది ఆగిపోతే, తమ్ముడు ఆ ఒక్క దారం కూడా తెంచేశాడని అక్క అనుకుంటుంది. కాదని చెప్పాలంటే ముందు తనే మాట్లాడాలి.

కార్డు నంబరు మూడుసార్లు కొట్టాడు. మూడుసార్లూ తిప్పికొట్టింది. రాత్రంతా కాలు ఊపుతూనే ఉన్నాడు.

"ఊపొద్దండీ, మంచానికి కూడా నిద్ర లేదు" అంది భార్య. "మీ అక్కకు ఒక ఫోన్ కొడితే పోతాది గదా?"

"నువ్వు పడుకో."

పొద్దున షఫీకి ఫోన్ చేస్తే, "పాస్‌వర్డ్‌లు ఫోన్లో చెప్పొద్దప్పా. ఈడికే రా" అన్నాడు.

బస్సు ఆలస్యంగా వచ్చింది. కిక్కిరిసి ఉంది. దారిలో పన్నెండు కొట్టింది. బంగారు అంగళ్ల వెనక సందులో షఫీ షాపు చేరేసరికి షట్టరు సగం దించి ఉంది. భోజనానికి పోయినాడు, రెండున్నరకు వస్తాడు అన్నారు పక్కవాళ్లు. విష్ణుతేజ సందు ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్నిసార్లు తిరిగాడో, టీ అంగడి ముసలామె చూసి చూసి ఒక స్టూలు నీడలోకి జరిపింది. "కూచో నాయనా, నువ్వు తిరిగితే గడియారం తొందరగా తిరగదు" అంది. టీ కొనమని అనలేదు. అతను రెండు నిమిషాలు కూర్చున్నాడు.

షఫీ వచ్చి, ఫ్యాను అతని వైపు తిప్పి, ఖాతా తెరిచాడు.

"ఈ కార్డు యాడిదప్పా? పోయినేడే గడువు తీరి చచ్చిపోయిండాది."

"పోయినేడా? మరి పోయినేడు చందా యాడ్నుంచి పోయింది?"

షఫీ గడ్డం గోక్కున్నాడు. "చెప్పొద్దనింది. నువ్వే అడిగినావు కాబట్టి చెప్తాండా. మీ అక్క ఈడికొచ్చి చందా కోడ్ ఉండే కార్డు కొని, నా చేతే నీ ఖాతాలో ఎక్కించింది. పాస్‌వర్డ్ ఆయమ్మకు తెలుసు గదా. 'వానికి తెలిస్తే మానం పోయినట్టు ఎగిరి పడతాడు షఫీ, వాని పేరు మీదే ఉండనీ' అనె."

విష్ణుతేజ ఊపుతున్న కాలు ఆగింది. అంతసేపట్లో అది ఆగడం అదే మొదలు.

"ఈ ఏడు నేనే కడతా. ఎక్కించు" అన్నాడు.

చందా ఎక్కేసరికి మూడుకు ఐదు నిమిషాలు. జమ్మలమడుగు పోయే టైము లేదు. "ఈడనే ఆడు, నా మెషిన్ ఉండాది గదా" అని షఫీ షాపులోని కంట్రోలర్ చేతికిచ్చాడు. మూడు గంటలకు తెర మీద అక్క పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది. ఆట మొదలైంది.

అతని ధ్యాస ఆట మీద లేదు. "షఫీ అన్నా, ఆ పొద్దు నేను కావాలని లేట్ చేయలేదు. లంగా ఓణీ ఈ ఊర్లోనే తీసినా. జాకెట్టు కుట్టేటోడు రేపు రేపు అని, ఆ పొద్దు పదికి ఇచ్చినాడు. ఫోన్‌లో చార్జింగ్ లేదు. పోయేసరికి పిల్ల పీట మీద ఉండాది. లోపలికి పోయి చెప్తే సరిపోయేది. పోలేక, తిరుగు దారిలో ముద్దనూరు స్టేషన్లో సాయంత్రం దాకా కూచున్యా. అక్క పిలుస్తాదేమో అని."

"మరి పిలిచిందా?"

"యాడ పిలుస్తాది? ఫోన్ చచ్చిపోయింది గదా."

షఫీ నవ్వాపుకోలేకపోయాడు. అంతలో టీవీలోంచి ఒక గొంతు పేలింది.

"ఇరవైసార్లు ఫోన్ చేసినా రా గాడిదా! స్విచాఫ్, స్విచాఫ్ అని అదొకటే పాట. నా మీద కోపంతో ఆపేసినావనుకున్యా!"

విష్ణుతేజ చేతిలోని కంట్రోలర్ వంక చూశాడు. ఇంట్లో దాని మైకు రెండేళ్లుగా మూసే ఉంటుంది. ఇది షఫీది. తెరిచే ఉంది. విని అక్క కూడా తన మైకు తెరిచింది.

"అక్కా..."

"ఒంటి గంట దాకా పిల్లను కూచోబెట్టకుండా ఆపినా. ముహూర్తం దాటిపోతాందని మీ బావ అరిస్తే, అప్పుడు..." అక్క ఆ మాట అక్కడే వదిలేసి అరిచింది. "ముందు ఎడమ పక్క చూడు! వాడు బంతి తీసుకపోతాండాడు!"

చూసేలోపు అవతలి జట్టు గోలు కొట్టేసింది.

అక్క వెనక నుంచి ఇంకో గొంతు, సన్నంగా, తొందరగా: "మామా! నువ్వు తెచ్చిన జాకెట్టు బీరువాలోనే ఉండాది. ఇప్పుడు చేతుల దగ్గర పట్టదు. కుట్లు విప్పిస్తావా?"

"ఆ టైలర్ ఈ సందు చివరే కదప్పా" అన్నాడు షఫీ.

"వాడొద్దు!" అని పులివెందుల నుంచి తల్లీకూతుళ్లిద్దరూ ఒకేసారి అరిచారు.

విష్ణుతేజ కాలు మళ్లీ ఊగడం మొదలుపెట్టింది. ఒక గోలు వెనకబడి ఉన్నారు, ఆట ఇంకా సగం ఉంది. "బంతి ఇయ్యి అక్కా" అన్నాడు.